లోవెల్‌లో ఆట లేని రోజు

గురువారం ఆట లేదు. రెండు బేస్‌బాల్ జట్లూ, బోస్టన్ రెడ్ సాక్స్, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, బోస్టన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి విమానంలో పోతున్నాయి. మంగళవారం 8-4, బుధవారం 4-2. సొంత మైదానం ఫెన్‌వే పార్కులో రెండు ఆటలూ రెడ్ సాక్స్ గెలిచింది. ఇంకో రెండు గెలిస్తే 2018 వరల్డ్ సిరీస్ బోస్టన్‌దే. మా మనవడు ఫ్రిజ్ తలుపు మీద అంటించుకున్న కాగితంలో ఏడు గడులున్నాయి, రెండు నిండాయి. బ్యాగు భుజాన వేసుకుని స్కూలు బస్సుకి పరిగెడుతూ, "ఇవాళ ఏం జరగదు తాతయ్యా" అని నన్ను ఓదార్చినట్టుగా చెప్పి పోయాడు.

ఈ ఆటల వరస తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. అమెరికా పెద్ద లీగుల్లో 30 జట్లు. వేసవి పొడుగునా ఒక్కొక్కటి 162 ఆటలు ఆడుతుంది. 2018లో సెప్టెంబరు చివరికి పది జట్లు మిగిలాయి. అక్కణ్ణుంచి పోస్ట్‌సీజన్. అప్పట్లో ముందు ఒకే ఒక్క ఆటతో తేలిపోయే పోటీ, తర్వాత అయిదాటల సిరీస్, ఆ తర్వాత ఏడాటలది, ఆఖరున మళ్ళీ ఏడాటల వరల్డ్ సిరీస్. రెడ్ సాక్స్ ఆ ఏడు 108 ఆటలు గెలిచింది. ఆ క్లబ్బు చరిత్రలో అన్ని గెలుపులు అంతకుముందెన్నడూ లేవు. కానీ అక్టోబరు వచ్చాక అందరి లెక్కా మళ్ళీ సున్నా నుంచే. న్యూయార్క్ యాంకీస్ మీద 3-1, హ్యూస్టన్ ఆస్ట్రోస్ మీద 4-1 గెలుచుకుంటూ ఇంతదాకా వచ్చారు. నేను అమెరికా వచ్చి మూడు వారాలే అయినా ఈ అంకెలన్నీ నోటికొచ్చేశాయి. ఇంట్లో మనవడు వేరే మాట మాట్లాడితేగా!

ఆ రోజు కోడలు సెలవు పెట్టింది. "చెట్లు బాగా రంగు తిరిగాయి మామయ్యగారూ, ఎటైనా వెళ్దామా" అంది. లోవెల్ వెళ్దామన్నాను. ఇంటికి ఇరవై నిమిషాల దూరం. తను రోజూ ఆఫీసుకి పోయే దారే. "అక్కడ పాత మిల్లులు తప్ప ఏమున్నాయి?" అని ఆశ్చర్యపోయింది.

1930లలో ఆ ఊళ్ళో ఒక కుర్రవాడు ఒక బేస్‌బాల్ లీగు నడిపాడు. జట్లు లేవు, మైదానం లేదు, ఆటగాళ్ళెవరూ ఈ భూమ్మీద పుట్టలేదు. అంతా వాడి గదిలోనే. ఆ కుర్రవాడు పెద్దవాడై 1957లో 'ఆన్ ద రోడ్' అనే నవల అచ్చువేసి లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. జాక్ కెరొవాక్. ఆ నవల గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. ఆ లీగు గురించి మాత్రం ఉంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీవాళ్ళు వాడి కాగితాలన్నీ భద్రపరిచారు. వాటిలోని ఆట కాగితాల ఫోటోలతో 2009లో ఒక పుస్తకం వేశారు. మనవడి కోసం పట్టణ గ్రంథాలయానికి వెళ్ళినప్పుడు అది నా చేతికి తగిలింది. రెండు రాత్రులు వదల్లేదు.

జట్ల పేర్లు చూడండి. కొన్నిటికి కార్ల పేర్లు: పిట్స్‌బర్గ్ ప్లిమత్స్, న్యూయార్క్ షెవ్వీస్. కొన్నిటికి రంగుల పేర్లు: బోస్టన్ గ్రేస్, సిన్సినాటి బ్లాక్స్. ఆటగాళ్ళు వైనో లవ్, వార్బీ పెప్పర్, ఫీగస్ కోడీ, జాగ్ పార్కర్. మొదట్లో గోళీలు, పళ్ళు కుట్టుకునే పుల్లలు, తెల్ల రబ్బరు ముక్కలతో, నలభై అడుగుల దూరంలో ఉన్న గురికి విసురుతూ ఆడేవాడు. 1946 నాటికి, అంటే ఇరవైనాలుగేళ్ళ వయసులో, పేక ముక్కల్లాంటి అట్టలు సొంతంగా తయారుచేసుకున్నాడు. కలిపి తీస్తే ఏ ముక్క వస్తే అదే ఫలితం. ప్రతి ఆటకీ లెక్క రాశాడు. ఎవరు ఎన్ని కొట్టారో, ఎవరి సగటు ఎంతో రాశాడు. దాంతో ఊరుకోకుండా ఆ లీగుకి ఒక వార్తాపత్రిక కూడా పెట్టాడు. ఆటగాళ్ళ జీతాల తగాదాలు కూడా అందులో వార్తలే. చనిపోవడానికి ఒకటి రెండేళ్ళ ముందు దాకా ఆ ఆట మానలేదట. స్నేహితుల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు.

వాళ్ళ నాన్న లియో అచ్చాఫీసు నడిపేవాడు. ఇంట్లో సిరా వాసన ఉన్నవాడికి వార్త అంటే ఎలా ఉండాలో తెలుస్తుంది. 1936 మార్చిలో మెర్రిమాక్ నదికి వచ్చిన వరదలో ఆ అచ్చాఫీసు దెబ్బతింది. కొడుకు కాగితాలు మాత్రం మిగిలాయి.

లోవెల్‌లో ముందు బూట్ మిల్లు మ్యూజియానికి వెళ్ళాం. ఎర్ర ఇటుకల గోడలు, మధ్యలో గడియారపు గోపురం, పక్కన కాలవ. ఊరంతా ఈ కాలవలే. నది పడే చోట నీటిని మళ్ళించి, ఆ జోరుతో మగ్గాలు తిప్పారు. లోపల ఒక పెద్ద గదిలో 88 మరమగ్గాలున్నాయి, వాటిలో కొన్నింటిని ఇప్పటికీ నడిపి చూపిస్తారు. తలుపు దగ్గరే చెవుల్లో పెట్టుకోవడానికి దూది లాంటివి ఇస్తారు. అవి పెట్టుకున్నా నేల అదురు అరికాళ్ళలోంచి మోకాళ్ళ దాకా వచ్చింది. మాది బాపట్ల. పక్కనే చీరాల. మగ్గం చప్పుడు వింటూ పెరిగినవాణ్ణి. చీరాల సందుల్లో మగ్గం చప్పుడుకి ఒక మనిషి ఊపిరి ఉంటుంది, మధ్యలో ఆగి మాట్లాడుతుంది. ఇక్కడ ఆగేది లేదు. పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు ఈ చప్పుడులో రోజుకి పన్నెండు, పదమూడు గంటలు నిలబడ్డారు. ఆ పత్తి దక్షిణాది పొలాల్లో బానిసలు ఏరిన పత్తి. గైడు ఆ మాట దాచకుండా చెప్పాడు. కోడలు చెవుల్లోవి తీసేసి కాసేపు ఆ చప్పుడు అలాగే వింది.

అక్కణ్ణుంచి నాలుగడుగుల్లో కెరొవాక్ పేరు మీద 1988లో కట్టిన పార్కు ఉంది. నున్నటి గ్రానైట్ స్తంభాలు, వాటి మీద ఆయన రాతలు చెక్కారు. చలిగాలికి చేతులు జేబుల్లోంచి తీయలేకపోయాం. బెంచీ మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. అక్కడే కోడలు అడిగింది, "ఇంతకీ మీకు ఆ లీగు మీద అంత ఇది ఎందుకు మామయ్యగారూ?" అని.

అప్పుడు చెప్పాను. నాకూ ఒక లీగు ఉండేది.

బుక్ క్రికెట్ ఆడని తెలుగు కుర్రాడు ఉండడు. పాఠ్యపుస్తకం గభాలున తెరవడం, ఎడమ పేజీ నంబరులో ఆఖరి అంకె చూడటం. రెండు, నాలుగు, ఆరు పడితే అన్ని పరుగులు. ఎనిమిది పడితే మేం ఒకటి వేసుకునేవాళ్ళం. సున్నా పడితే అవుట్. 1971లో మన జట్టు ముందు వెస్టిండీస్‌లో, ఆ తర్వాత ఇంగ్లండులో గెలిచింది. రేడియో పక్కన కూర్చుని విన్న వేడి మీద నేనూ తమ్ముడూ ఒక లీగు పెట్టుకున్నాం. మా ఇల్లు స్టేషన్ దగ్గర. అందుకని జట్లకి రైళ్ళ పేర్లు పెట్టాం: మెయిల్, జీటీ, జనతా, సర్కారు, ప్యాసింజర్, గూడ్స్. నేను జీటీ కెప్టెన్ని. తమ్ముడు పట్టుబట్టి గూడ్స్ తీసుకున్నాడు. గూడ్స్ ఎప్పుడూ లూప్ లైన్లో ఆగి అందరికీ దారి ఇస్తుంది కదా, ఇక్కడైనా ముందు పోవాలన్నాడు. ఆటగాళ్ళకి పేర్లు, ఊళ్ళు, సగటులు. రెండు వందల పేజీల నోటుబుక్కులో గీతలు కొట్టి ప్రతి ఇన్నింగ్సూ రాశాం. రాసేది నేనే, చేతిరాత నాది బాగుండేదని.

ఎండాకాలం సెలవుల్లో ఫైనల్ వచ్చింది. జీటీ, గూడ్స్. జీటీకి ఆఖరి వికెట్, గెలవడానికి మూడు పరుగులు కావాలి. సాంఘికశాస్త్రం పుస్తకం తెరిచాను. 130. సున్నా. తమ్ముడు మంచినీళ్ళకని లేచాడు, చూడలేదనుకున్నాను. బొటనవేలితో రెండు కాగితాలు అటు తోసి, 134 అని గట్టిగా చదివి, నోటుబుక్కులో నాలుగు రాశాను. జీటీ ఛాంపియన్. వాడు గ్లాసు కింద పెట్టి, "సరే అన్నయ్యా" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు పిలిచినా బుక్ క్రికెట్‌కి రాలేదు. ఒక్కణ్ణే రెండు వైపులా ఆడదామని చూశాను. రెండో రోజుకే పుస్తకం మూసేశాను. లోపల ఎవరూ లేరు. అంతకుముందు దాకా ఆ పదకొండుమందీ ఒక్కొక్కళ్ళు నాకు కళ్ళకి కట్టినట్టు ఉండేవాళ్ళు. నేను ఆ నాలుగు రాసిన క్షణం నుంచి వాళ్ళు కాగితం మీద పేర్లు మాత్రమే అయిపోయారు.

ఆ నోటుబుక్కు 1977 తుఫానులో మిగతా సామానుతో పాటు నానిపోయింది. ఎండబెట్టినా సిరా నిలవలేదు.

తర్వాత బ్యాంకులో ముప్పైరెండేళ్ళు లెడ్జర్లు రాశాను. కంప్యూటర్లు రాక ముందు అక్కడ మొదట నేర్పేది ఒకటే. తప్పు పడితే చెరపకూడదు, దిద్దకూడదు. కింది అంకె కనిపించేలా ఒకే గీతతో కొట్టేసి, సరైనది పక్కన రాసి, ఇనీషియల్ పెట్టాలి. నేర్పినాయన ఎందుకో చెప్పలేదు. నాకు చెప్పక్కర్లేదు.

కొన్నేళ్ళ తర్వాత హైదరాబాదులో ఉండగా, ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల్లో ఒక నవల దొరికింది. రాబర్ట్ కూవర్ 1968లో రాసింది, 'ద యూనివర్సల్ బేస్‌బాల్ అసోసియేషన్'. కథానాయకుడు జె. హెన్రీ వా, నాలాగే లెక్కలు రాసే గుమాస్తా. రాత్రిళ్ళు ఇంట్లో ఒంటరిగా మూడు పాచికలతో ఒక లీగు నడుపుతాడు. అప్పటికే యాభై అయిదు సీజన్లు అయిపోయాయి, పుట్టినవాళ్ళూ చచ్చినవాళ్ళూ అందరూ పద్దుల్లో ఉన్నారు. డామన్ రూథర్‌ఫర్డ్ అనే కుర్ర పిచర్ ఒకడు అద్భుతంగా ఆడతాడు. హెన్రీకి వాడు కొడుకు లాంటివాడు. ఒక రాత్రి పాచికలు వరసగా పడకూడని విధంగా పడతాయి. నిబంధన ప్రకారం బంతి తగిలి ఆ కుర్రవాడు చనిపోవాలి. నిబంధన రాసుకున్నది హెన్రీనే. కాదనలేడు. రాస్తాడు. అక్కడ పుస్తకం మూసి నేను బయట వరండాలో చాలాసేపు నడిచాను. తర్వాత హెన్రీ ఓర్చుకోలేక, ఆ బంతి వేసినవాణ్ణి చంపడానికి పాచికల్ని విసరకుండా తన చేత్తో పెడతాడు. కథలో ఆయనకి ఆఫీసు, స్నేహితుడు ఒకటొకటే జారిపోతాయి. చివరి అధ్యాయంలో ఆయనే కనపడడు. ఆ పుస్తకం గొప్పదని విమర్శకులు అనేక కారణాలు చెప్తారు. నా కారణం మాత్రం 130వ పేజీ.

"పాపం, చిన్నమామయ్యగారికి తెలుసా?" అంది కోడలు.

తెలుసు. వాడి కూతురి పెళ్ళిలో, అప్పగింతలయ్యాక ఇద్దరం మడతకుర్చీల్లో కూలబడ్డప్పుడు చెప్పాను. "తెలుసులే అన్నయ్యా" అని, వంటవాళ్ళకి ఎంత ఇవ్వాలో అడిగాడు.

మూడింటికి మనవణ్ణి స్కూలు దగ్గర ఎక్కించుకుని, కెరొవాక్ సమాధి ఉన్న ఎడ్సన్ శ్మశానానికి వెళ్ళాం. మేపుల్ ఆకులు పసుపూ కుంకుమా కలిపి చల్లినట్టు రాలి ఉన్నాయి. నాలుగు రోజుల కిందటే, అక్టోబరు 21న, ఆయన పోయి 49 ఏళ్ళు నిండాయి. నేలకి సమంగా పరిచిన చిన్న రాయి, దాని మీద ఇంట్లో పిలిచే పేరు: టీ జాన్. ఫ్రెంచి మాట్లాడే కెనడా కుటుంబం వాళ్ళది, చిన్న జాన్ అని అర్థం. రాతి చుట్టూ వచ్చినవాళ్ళు వదిలిన పెన్నులు, చిల్లర నాణేలు, ఖాళీ సీసాలు. మావాడు వంగి పెన్నులు లెక్కపెట్టాడు. పదకొండు.

"ఆయన ఫేవరెట్ టీమ్ వరల్డ్ సిరీస్ గెలిచిందా తాతయ్యా?"

"ముక్క పడితే గెలిచి ఉంటుంది."

"పడకపోతే?"

"ఓడిపోయిందని రాయాలి."

వాడు ఆలోచించి, జేబులోంచి సగం అరిగిన పెన్సిలు తీసి పెన్నుల పక్కన పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. రేపు ఆట ఉంది కదా అన్నాడు.

శుక్రవారం రాత్రి 8:10కి మూడో ఆట మొదలైంది. మావాడు స్కోరు రాయడానికి బల్ల మీద కాగితం పరిచాడు. ఈ రాత పద్ధతి నాకు క్రికెట్ స్కోరుబుక్కు కన్నా నచ్చింది. ఒక్కో బ్యాటరుకి ఒక వరస, ఒక్కో ఇన్నింగ్సుకి ఒక నిలువు, ప్రతి గడిలోనూ ఒక చిన్న డైమండు. మనిషి ఒక్కో బేస్ దాటుతుంటే డైమండుకి ఒక్కో వైపు గీత పడుతుంది. ఇల్లు చేరి పరుగు అయితే డైమండు మొత్తం నల్లగా నింపాలి. స్ట్రైకౌట్ అయితే కె అక్షరం. కొట్టకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే అక్షరం తిరగేసి. ఫీల్డర్లందరికీ అంకెలు: పిచరు 1, రెండో బేస్ దగ్గరవాడు 4, షార్ట్‌స్టాప్ 6. ఈ పద్ధతికి పునాది వేసిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్‌కి మళ్ళినవాడు. అది చదివాక ఈ ఆట నాకు దూరపు చుట్టంలా అనిపించడం మానేసింది.

ఎనిమిదో ఇన్నింగ్సు దాకా డాడ్జర్స్ 1-0. బోస్టన్ తరఫున జాకీ బ్రాడ్లీ హోమ్‌రన్ కొట్టి సమం చేశాడు. తొమ్మిదితో అయిపోవాల్సింది పదికి, పదకొండుకి పోయింది. అర్ధరాత్రి కోడలు ఉప్మా చేసింది. పన్నెండో నిలువుతో మావాడి కాగితం అయిపోయింది. ఇంకో కాగితం టేపుతో అతికించాడు. పదమూడులో బోస్టన్ 2-1. ఇల్లంతా లేచి నిలబడింది. అవతలి జట్టు బ్యాటింగులో ఇద్దరు అవుట్, ఇంకొక్కడు అయితే అయిపోతుంది. బంతి రెండో బేస్ వైపు దొర్లుకుంటూ వచ్చింది. ఇయాన్ కిన్స్లర్ అందుకున్నాడు, విసిరాడు, బంతి పక్కకి పోయింది. 2-2.

పెన్సిలు గాలిలో ఆగింది. నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు. వాడు వంగి, ఆ గడిలో ఇ4 అని రాశాడు. తప్పు, నాలుగో అంకెవాడిది. తన జట్టు మనిషిది.

పదిహేనో ఇన్నింగ్సులో నిద్రమత్తులో ఒక అవుటుని 6-3 అని రాసి, నాలుక్కరుచుకుని రబ్బరు అందుకోబోయాడు. అప్పుడు బ్యాంకు పద్ధతి చూపించాను. ఒకే గీత, పక్కన 4-3, ఆ పక్కన వాడి ఇనీషియల్. ఆ పొడి అక్షరం వాడికి భలే నచ్చింది. ఇంకో తప్పు చేస్తే బావుణ్ణన్నాడు.

మా అబ్బాయి సోఫాలో నిద్రపోయాడు. టీవీలో ఎవరో అన్నారు, 1939 వరల్డ్ సిరీస్ నాలుగాటలూ కలిపి కూడా ఇంత సేపు పట్టలేదని. 1939లో లోవెల్ కుర్రవాడికి పదిహేడేళ్ళు. నా పక్కనున్నవాడికి పది. పన్నెండో ఇన్నింగ్సు నుంచి బోస్టన్‌కి ఒకే పిచరు, నేథన్ ఎవాల్డి, బంతి వెంట బంతి వేస్తూనే ఉన్నాడు. తూర్పు తీరంలో తెల్లవారుజాము మూడున్నర. పద్దెనిమిదో ఇన్నింగ్సు. ఎవాల్డికి తొంభై ఏడో బంతి. మ్యాక్స్ మన్సీ దాన్ని ఎడమవైపు కంచె అవతలికి కొట్టేశాడు. ఏడు గంటల ఇరవై నిమిషాలు. డాడ్జర్స్ 3, రెడ్ సాక్స్ 2.

కోడలు టీవీ కట్టేసింది. మావాడి కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, ముక్కు ఎగపీలుస్తున్నాడు, కానీ కాగితం మీంచి లేవలేదు. అతికించిన కాగితంలో మన్సీ వరస వేలితో వెతికాడు. మొదటి బేస్, రెండో బేస్, మూడో బేస్, ఇల్లు. నాలుగు గీతలూ స్కేలు పెట్టినట్టు గీశాడు. తర్వాత పెన్సిలు పడుకోబెట్టి, ఓ మూల నుంచి మొదలుపెట్టి, ఆ డైమండుని మెల్లగా, గీత బయటికి పోకుండా, నల్లగా నింపాడు.